నూట పద్దెనిమిదో పరీక్ష

జంపనిలో రైలు ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. రేపల్లె నుంచి తెనాలికి రోజూ తిరిగేవాళ్ళు ఆ మాట అడగడం ఎప్పుడో మానేశారు. పేపరు చదివేవాళ్ళు పేపర్లో, ఫోన్ చూసేవాళ్ళు ఫోన్లో ఉన్నారు. తలుపు పక్క సీట్లో ఉన్న బసవేశ్వరరావు ప్లాట్‌ఫారం మీది సిమెంటు బల్లకేసి చూస్తున్నాడు. బల్ల మీద ఎవరూ లేరు. యాభై రెండేళ్ళొచ్చాక కళ్ళని ఎక్కడో ఒకచోట ఆనించాలి కాబట్టి అక్కడ ఆనించాడు, అంతే.

"బాబాయ్ గారూ, మీరేనా! కాస్త జరగండి. పక్క పెట్టెలో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి."

తల తిప్పి చూస్తే రిబ్కా, నెల కిందటిదాకా ఆయన ఆఫీసులోనే పనిచేసిన అమ్మాయి. ఈ పూట నీకు ఎవరు ఎదురుపడకూడదయ్యా అని అడిగితే ఆయన ఆ పేరే చెప్పేవాడు. జరిగి చోటిచ్చాడు.

"ఏంటలా చూస్తారు? నెలకే మర్చిపోయారా?"

"లేదమ్మా. నువ్విటెలా?"

"రేపల్లెలో నిన్న మా పిన్ని వాళ్ళ కొత్తింటి ప్రార్థన. ఉండిపోయా. తెనాల్లో దిగి బాపట్ల బండి పట్టుకోవాలి. పదకొండింటికి ఇంటర్వ్యూ. అక్కడో కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం."

"మంచిది."

"మంచిదో కాదో ప్రసాద్ సార్ చెప్పాలి. ఇంటర్వ్యూకి ముందే పాత ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటారంట." ఆమె నవ్వింది. "'అమ్మాయి బుద్ధిమంతురాలేనండి, ఆమె రాసిన ప్రోగ్రాం మాత్రం మిషన్లని నిద్రపుచ్చుద్ది' అంటారు కాబోలు."

ఆయన తల దించి, ఫైలు పట్టుకున్న ఆమె వేళ్ళకేసి చూశాడు. కొసలు నల్లగా, కాలినట్టు ఉన్నాయి.

"చేతులకేంటమ్మా అది?"

"జీడి. వేటపాలెంలో జీడిపప్పు యూనిట్‌కి అమ్మతో పాటు పోతున్నా. కొబ్బరినూనె రాశా, కిరసనాయిలు రాశా, పోతేగా! ఎమ్సీయే చదివిన చేతులని చెప్తే అక్కడి ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు."

బసవేశ్వరరావు మళ్ళీ సిమెంటు బల్లకేసి తిరిగాడు.

ఈయన సంగతి కొంచెం చెప్పాలి. తెనాలి సందుల్లో అచ్చు యంత్రాల చప్పుడు ఇంకా వినిపిస్తున్న రోజుల్లో, పందొమ్మిదో ఏట, ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాడు. జాతకాలు, పెళ్ళి శుభలేఖలు, బడి పుస్తకాలకి గైడ్లు, పించను పుచ్చుకున్న ఉద్యోగుల ఆత్మకథలు, అన్నీ ఆయన కళ్ళ కిందుగానే పోయాయి. తప్పు కనిపిస్తే పక్క ఖాళీలో గీత గీసి సరైన అక్షరం రాయడం, కనిపించకపోతే ముందుకు పోవడం. ఆ పనిలో ఉన్నవాళ్ళకి ఒక చిత్రమైన అలవాటు పడుతుంది. కథ ఏమిటో గుర్తుండదు, ఎక్కడ ఒత్తు పోయిందో గుర్తుంటుంది. తన పెళ్ళి శుభలేఖలో నాగేశ్వరమ్మ పేరుకి దీర్ఘం పోతే మూడొందల కార్డులూ మళ్ళీ వేయించిన మనిషి ఆయన. ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తి దెప్పుతుంది: "పేరు దిద్దడానికున్న ఓపిక మనిషిని దిద్దడానికి ఉండుంటే నేనెంతో బాగుపడేదాన్ని."

సీసపు అక్షరాలు పోయాయి, కంప్యూటర్ కూర్పు వచ్చింది, కొన్నాళ్ళకి ప్రెస్సే పోయింది. ప్రెస్సు యజమాని మేనల్లుడు హనుమాన్‌ప్రసాద్ అదే మేడ మీద సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, "తప్పులు పట్టే మనిషి కావాలి, మిగతాది నేర్పిస్తాం" అని ఈయన్ని పిలిచాడు. నలభయ్యో ఏట బసవేశ్వరరావు సాఫ్ట్‌వేర్ పరీక్షించడం నేర్చుకున్నాడు. పగలు నేర్చుకునేవాడు, రైల్లో వల్లించుకునేవాడు. పన్నెండేళ్ళయింది. ముప్పై మూడేళ్ళుగా ఇతరుల తప్పులు వెతకడమే ఆయన బతుకు. ఆ పనిలో ఉండే అలుపు చెరువు తవ్వేవాడికి కూడా ఉండదు. వాడికి సాయంత్రానికి గొయ్యి అయినా కనిపిస్తుంది.

కంపెనీ చేసేది పాల కేంద్రాల్లో వాడే మిషను ప్రోగ్రాం. రైతు క్యాను తెస్తే తూకం చూసి, వెన్న శాతం చూసి, చీటీ అచ్చేసి ఇస్తుంది. అందులో చీటీ అచ్చేసే భాగం రిబ్కా రాసింది. ప్రోగ్రాం మారినప్పుడల్లా మూడు వందల నలభై పరీక్షలు పెట్టాలి. అవన్నీ వరసగా తనంతట తనే నడిపించే స్క్రిప్టు ఒకటి బసవేశ్వరరావు రాశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ భోజనాలకి లేస్తే మిషన్లు ఖాళీ. అప్పుడు స్క్రిప్టుని వదిలి, అది చెప్పే సంగతులన్నీ ఒక ఫైల్లో పడేటట్టు చేసి, తనూ క్యారేజీ తీసుకుని కింద హోటల్ పక్కనున్న మెట్ల మీదికి పోయేవాడు. రెండింటికి అలారం లాంటిదొకటి స్క్రిప్టు ఎక్కడుంటే అక్కడ గొంతు నులిమేస్తుంది. తిరిగొచ్చి ఫైల్లో ఆఖరి వాక్యం చూస్తే ఎంతవరకు నడిచిందో తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే ఆయన అనుకున్నాడు.

వినాయక చవితి వెళ్ళాక వరసగా తొమ్మిది రోజులు స్క్రిప్టు ఒకే చోట ఆగింది. నూట పద్దెనిమిదో పరీక్ష, చీటీ అచ్చు. ఆఖరి వాక్యం సగంలో తెగిపోయి ఉండేది. ఇంగ్లీషులో ప్రింటింగ్ అన్న మాటలో నాలుగక్షరాలు పడి, మిగతావి లేకుండా. రోజూ అదే నాలుగక్షరాలు. "నా దగ్గర ఆగట్లేదండి, నేను చూస్తుండగా మొత్తం నడిచింది" అని రిబ్కా మొత్తుకుంది. ఈయన ఫైలు చూపించాడు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు నమ్మడం ఆయన రక్తంలో ఉంది. అచ్చు ఎక్కడాగితే అక్కడితో విషయం ఆగిందన్నమాట. రిపోర్టు రాశాడు: నూట పద్దెనిమిది దగ్గర ప్రోగ్రాం ఆగిపోతోంది, లోపం చీటీ అచ్చు భాగంలో ఉంది. కింద సంతకం పెట్టాడు. ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. ప్రసాద్ దాన్ని పొడిగించలేదు.

ఆ భాగాన్ని దీపక్ అనే ఇంకో ప్రోగ్రామరు మొదటి నుంచీ మళ్ళీ రాశాడు. మళ్ళీ నూట పద్దెనిమిది దగ్గరే ఆగింది. అవే నాలుగక్షరాలు.

మొన్న కార్తీక సోమవారం. ఉపవాసం కాబట్టి బసవేశ్వరరావు కిందికి దిగలేదు. ఊరికే కూర్చోలేక, ఫైల్లోకి పంపకుండా స్క్రిప్టుని తెర మీదే నడిపించి చూస్తూ కూర్చున్నాడు. నూట పద్దెనిమిది వచ్చింది, పోయింది. పందొమ్మిది, ఇరవై. నూట ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఆగి, కదల్లేదు. అది తూకం మిషను నుంచి బరువు చదివే పరీక్ష. తను స్వయంగా రాసింది. జవాబొచ్చేదాకా ఆగమని రాశాడు, ఎంతసేపు ఆగాలో రాయలేదు. తూకం మిషనుకేసి చూస్తే దాని అంకెలు ఆరిపోయి ఉన్నాయి. ప్లగ్గు పీకి ఉంది. ఆ ప్లగ్గులో శిల్ప కరెంటు పొయ్యి.

"శిల్పా, ఇదేంటమ్మా?"

శిల్ప ఆఫీసులో ఫోన్లు, ఉత్తరాలు చూసుకుంటుంది. గరిటెతో పప్పు కలుపుతోంది. "రోజూ ఇక్కడేగా బాబాయ్ గారూ, చవితి ఆఫర్లో కొన్నప్పట్నించీ. చల్లటి పప్పు నేను తినలేనండి. రెండింటికల్లా మళ్ళీ మీ ప్లగ్గు పెట్టేస్తున్నాగా!"

వెంటనే ఇంకోసారి నడిపించాడు, ఈసారి ఫైల్లోకి పంపుతూ. తూకం దగ్గర ఆగిందని తనకి తెలుసు. ఫైలు తెరిస్తే మాత్రం నూట పద్దెనిమిది, నాలుగక్షరాలు. మంగళవారం రిబ్కా రాసిన పాత భాగాన్నే మళ్ళీ పెట్టి తెర మీద నాలుగుసార్లు నడిపించి చూశాడు, మిగతా పూటంతా ఈ వింత గురించి చదివాడు. తెర మీదికైతే ప్రోగ్రాం ఏ వాక్యానికావాక్యం చెప్పేస్తుంది. ఫైల్లోకి పంపినప్పుడు అలా చేయదు. బఫర్ అనే తొట్టిలో పోగేస్తుంది. నాలుగు వేల తొంభై ఆరు అక్షరాలు నిండితేనే ఒక్క దెబ్బన ఫైల్లోకి ఒంపుతుంది. నిండకముందే గొంతు నులిమితే తొట్టిలో ఉన్నది గాలికి పోతుంది. రెండో తొట్టి నిండేది సరిగ్గా నూట పద్దెనిమిదో వాక్యం నడుమ. అందుకే ఆ సగం మాట. రోజూ ఒకేచోట ఆగడం రిబ్కా మీద సాక్ష్యం అనుకున్నాడు. అది తొట్టి కొలత.

ఇందులో ఆయన్ని కుంగదీసింది ఇంకోటి ఉంది. ఈ సంగతి ఆయనకి ఎప్పుడో తెలుసు. ప్రెస్సులో పదహారు పేజీలు కూర్చితే ఒక ఫారం. పదహారో పేజీ పడితే గానీ ఫారం మిషనెక్కదు. ఒకసారి ఒక రిటైరైన తాసిల్దారు ఆత్మకథ వేయించుకుంటూ, చివరి ఫారంలో పదిహేను పేజీలు కూర్పయ్యాక, రెండో పెళ్ళి గురించి ఇంకో పేజీ రాయాలా వద్దా అని మూడు నెలలు తేల్చుకోలేకపోయాడు. ఈలోగా వేరే పుస్తకానికి అక్షరాలు చాల్లేదు. యజమాని ఆ పదిహేను పేజీలూ విప్పించేశాడు. పుస్తకం అంతకుముందు ఫారంతో ముగిసింది. చదివినవాళ్ళంతా ఆయన జీవితం కావలి బదిలీతో అయిపోయిందనుకున్నారు. ఆ పేజీల ప్రూఫు దిద్దింది బసవేశ్వరరావే. ఆ రెండో భార్య వీణ బాగా వాయించేదని ఆయనకి మాత్రం తెలుసు. అంత తెలిసిన మనిషి, తన స్క్రిప్టు దగ్గరకొచ్చేసరికి అచ్చయినదంతా నిజం, అచ్చుకానిది లేదు అనుకున్నాడు.

జంపనిలో రైలు ఒకసారి కుదిపి, మళ్ళీ ఆగింది.

"రిబ్కమ్మా," అన్నాడు, "తప్పు నీది కాదు."

"ఊరుకోండి బాబాయ్ గారూ. ఓదార్పులెందుకు పొద్దున్నే."

"కాదు. విను."

చెప్పాడు. శిల్ప పప్పుతో మొదలుపెట్టి తొట్టి దాకా, వెనకా ముందూ చేసి చెప్పాడు. సగంలోనే ఆమెకి అర్థమైపోయింది.

"బఫరింగా! ఒక్క మాట బాబాయ్ గారూ. 'వెంటనే బయటికి పంపు' అని ఒక్క మాట రాస్తే ఏ లైనుకాలైను ఫైల్లో పడేది." పగలబడి నవ్వింది. ఎదురు సీటావిడ ఉలిక్కిపడి చూసింది. "అచ్చం మా సూర్యలంక ఆటో! పదిమంది ఎక్కితే గానీ కదలదు. తొమ్మిదిమంది ఎక్కి కూర్చున్నాక పోలీసొచ్చి బండి పట్టుకుపోయాడనుకోండి, బీచి దగ్గరున్నోళ్ళు అసలెవరూ ఎక్కలేదనుకుంటారు. మనం కూడా అంతే అనుకున్నాం. తొమ్మిదిమంది!"

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఇవాళ బుధవారం."

ఆయన వేసుకున్న లెక్క వేరు. కంపెనీ ప్రోగ్రాం కొనే పాల సంఘం వాళ్ళు ఇవాళ పన్నెండింటికి వస్తున్నారు. వాళ్ళకి పంపిన రిపోర్టు కింద ఉన్నది తన సంతకం. వాళ్ళు వచ్చి వెళ్ళాక చెబుదాం అనుకున్నాడు. గురువారం, లేకపోతే శుక్రవారం. యాభై రెండేళ్ళ మాజీ ప్రూఫు రీడర్ని పిలిచి ఉద్యోగమిచ్చేవాళ్ళు తెనాల్లో గానీ రేపల్లెలో గానీ ఎవరూ లేరు. ఇదంతా ఆమెకి చెప్పొచ్చు. చెబితే అదీ నిజమే. ఆ నల్లబడ్డ వేళ్ళ పక్కన పెడితే అదేమంత బరువు తూగేలా లేదు.

"సార్‌కి చెప్పారా?"

"తెనాలి చేరగానే చెప్తా. కాలేజీ వాళ్ళు ఫోన్ చేసేలోపే."

రైలు కదిలింది. ఆమె ఫైలు తెరిచి, సర్టిఫికెట్లు ఒకసారి చూసుకుని, మళ్ళీ మూసింది.

తొమ్మిదిన్నరకి ప్లాట్‌ఫారం మీద జనాన్ని తప్పించుకుని ఒక స్తంభం పక్కన నిలబడి ప్రసాద్‌కి ఫోన్ చేశాడు. రిబ్కా రెండడుగుల దూరంలో, ఫోన్లో గొంతు వినిపించేంత దగ్గరగా నిలబడింది.

"అయ్యో, బసవేశ్వరరావు గారూ," అన్నాడు ప్రసాద్ అంతా విని, "ఆ కాలేజీ వాళ్ళు ఎనిమిదిన్నరకే చేశారండి. ఉన్నమాట చెప్పేశాను. చెప్పాక ఇప్పుడు మళ్ళీ ఫోన్ చేసి, కాదు మా మనిషే పొరపడ్డాడు అంటే ఏం బాగుంటుంది? మనకి పరువుండక్కర్లా?"

"నేను మాట్లాడతానండి. నంబరివ్వండి."

"మీరు ముందు ఆఫీసుకి రండి. పన్నెండింటికి పాల సంఘం వాళ్ళొస్తున్నారు. వాళ్ళ ముందు ఈ సంగతి ఎత్తకండి. దీపక్ సరిచేశాడని చెప్పుకుందాం."

"నేను బాపట్ల పోతానండి. పోయొస్తాను."

"మీ ఇష్టం," అన్నాడు ప్రసాద్.

ప్రసాద్ ఆ మాట ఎప్పుడు అంటాడో బసవేశ్వరరావుకి తెలుసు. ప్రెస్సు మూసిన రోజున అక్షరాలు కూర్చే కంపోజిటర్లతో వాళ్ళ మేనమామా అదే గొంతుతో అదే మాట అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని టికెట్ కౌంటర్ కేసి నడిచాడు.

"చెప్పేశారంట కదా," అంది రిబ్కా పక్కకొచ్చి. మొహం పాలిపోయి ఉంది. "ఇంక పోయి ఏం లాభం? వేటపాలెం టికెట్టే తీసుకుంటా, సగం పూటైనా పనికి అందుకుంటా."

"బాపట్లకే తీసుకుందాం. రెండు."

"మీ ఆఫీసు?"

"లైన్లో నిలబడ్డాగా. మళ్ళీ బయటికి రావడం కష్టం," అన్నాడు.

బాపట్లలో దిగి ఆ కాలేజీకి చేరేసరికి పదకొండు దాటింది. వరండాలో అప్పటికే అయిదారుగురు బెంచీల మీద ఉన్నారు. అటెండరు చేతిలోని కాగితంలో రిబ్కా పేరు ఉంది, దాని మీదుగా పెన్సిలు గీత ఉంది. అటెండరు ఆ గీతని బొటనవేలితో కప్పాలని చూశాడు. బసవేశ్వరరావు ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు తట్టి లోపలికి పోయాడు.

కంప్యూటర్ విభాగానికి పెద్ద గౌరీశంకరం. బల్ల మీద కళ్ళజోళ్ళు రెండున్నాయి, మూడోది నుదుటి మీదుంది.

"ఆ అమ్మాయికి మీరేమవుతారండి?"

"ఏమీ కానండి. ఆమె మీద తప్పు రిపోర్టు రాసినవాణ్ణి."

గౌరీశంకరం కూర్చోమన్నాడు. బసవేశ్వరరావు చెప్పడం మొదలుపెట్టాడు. మూడో వాక్యానికే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"బఫర్! ఈ పాఠం మేం పిల్లలకి మొదటి ఏడాదే చెప్తామండి."

"నేను ఆ క్లాసులో లేనండి."

గౌరీశంకరానికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "మరి పొద్దున మీ ప్రసాద్ గారు చాలా గట్టిగా చెప్పారే, తొమ్మిది రోజులు చూశామని?"

"చూసింది నేనండి. తొమ్మిది రోజులూ ఫైలు చూశాను, మిషను చూడలేదు."

"వచ్చే వారం ఇంకోరొచ్చి, మీరు చెప్పేదీ తప్పే అంటే?"

"అనొచ్చండి. నేను తెర మీద నాలుగుసార్లు చూశాను. అయిదోసారి ఏమవుతుందో చెప్పలేను. ఆ అమ్మాయి రాసిన భాగం మాత్రం నాలుగుసార్లూ ఆగలేదు."

గౌరీశంకరం నుదుటి మీది కళ్ళజోడు దించి పెట్టుకుని ఈయన్ని చూశాడు. "రాసిస్తారా?"

"కాగితం ఇప్పించండి."

తెల్లకాగితం మీద బసవేశ్వరరావు నిలువుగా ఒక గీత గీశాడు. ఎడమ పక్క 'తప్పు' అనీ, కుడి పక్క 'ఒప్పు' అనీ రాశాడు. పుస్తకాల చివర వేసే తప్పొప్పుల పట్టికలు వందలు కూర్చిన చెయ్యి. వేరేలా రాయడం దానికి రాదు. ఎడమ పక్క: పరీక్ష నూట పద్దెనిమిది. కుడి పక్క: నూట ముప్పై ఒకటి. ఎడమ పక్క: లోపం చీటీ అచ్చు భాగంలో. కుడి పక్క: లోపం పరీక్ష స్క్రిప్టులో, బయటికి పంపకుండా ఆపి ఉంచిన వాక్యాలు పోయాయి. ఎడమ పక్క: బాధ్యులు, రిబ్కా. కుడి పక్క దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు. సంతకం, తేదీ, ఫోన్ నంబరు పెట్టి, మొదటి నుంచీ ఒకసారి చదువుకుని, ఒకచోట పోయిన సున్నా పెట్టి, కాగితం అటు తోశాడు.

గౌరీశంకరం చదివి, అటెండరుని పిలిచి పేర్ల కాగితం తీసుకున్నాడు. పెన్సిలు రబ్బరు కోసం సొరుగు వెతికాడు, దొరకలేదు. గీతని అలాగే ఉంచి, పేరు పక్కన పెన్నుతో మళ్ళీ రిబ్కా పేరు రాసి అటెండరుకిచ్చాడు.

"ఉద్యోగం ఇస్తామని కాదండి," అన్నాడు. "లోపలికి పిలుస్తాం. అడగాల్సినవి అడుగుతాం."

"అదే కావాలండి," అని బసవేశ్వరరావు లేచాడు.

ఆమె వంతు ఆఖర్న వచ్చింది. అప్పటికి ఒకటిన్నర. మధ్యలో ప్రసాద్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది: వాళ్ళు వచ్చి వెళ్ళారు, రేపు పదింటికి రండి, మాట్లాడాలి. అందులో బసవేశ్వరరావుకి దిద్దాల్సిందేమీ కనిపించలేదు. రిబ్కాకి చూపించలేదు.

పేరు పిలవగానే ఆమె దిగ్గున లేచింది. "ఇక్కడే ఉండండి బాబాయ్ గారూ. ఉద్యోగమొచ్చినా రాకపోయినా ఇవాళ మా ఇంట్లోనే భోజనం. అమ్మకి ఫోన్ చేసి చెప్పేశా. వెళ్ళిపోయారంటే ఊరుకోను." చున్నీ సర్దుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. లోపలి నుంచి మొదట గౌరీశంకరం గొంతు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, తర్వాత ఆమె గొంతు. మాటలు తెలియడం లేదు. తడబడుతున్నట్టు లేదు. ఎవరో ఏదో అడిగారు, ఆమె వెంటనే ఏదో చెప్పింది, మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పింది. కాసేపు వింటూ కూర్చున్నాడు. వాళ్ళింటికి పోతే ఆ తల్లి కాళ్ళకి నీళ్ళిస్తుంది, కూర్చోమంటుంది, మేలు చేశారు నాయనా అంటుంది. ఆ మాట వినాల్సి వస్తుంది. నెల రోజుల జీడి ఘాటు పీల్చిన మనిషి నోటి వెంట ఆ మాట వినడానికి తగిన ఓపిక తన దగ్గర ఎంత వెతికినా లేదు.

లేచాడు. చెప్పులు వేసుకుంటుంటే అటెండరు చూశాడు.

"అదేంటండి, ఉండమంది కదా అమ్మాయి? అయిపోవచ్చింది."

బసవేశ్వరరావు వినిపించనట్టే వరండా మెట్లు దిగాడు. గేటు దాటి, ఎండలో రోడ్డుకి ఎడం పక్కగా, రేపల్లె బస్సు దొరికే వైపు నడిచాడు.